బెర్తా బెంజ్

బెర్తా బెంజ్ (మే 3, 1849 - మే 5, 1944) జర్మనీ దేశానికి చెందిన మహిళ, మోటారు వాహన చరిత్రలో తొలి తరానికి చెందిన మార్గదర్శి. పెట్రోలు జాతి ఇంధనంతో నడిచే మోటారు బండిని రూపొందించి 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్‌కు ఈమె భార్య. 1888 ఆగష్టు నెలలో ఈమె తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నగరం నుండి ఫోర్ట్స్‌హైమ్ పట్టణం వరకు సుమారు 104 కిలోమీటర్ల దూరం మోటారు బండిలో ప్రయాణించింది. మోటారు వాహనంపై జరిగిన మొట్టమొదటి దూర ప్రయాణంగా దీనిని పరిగణిస్తారు.

దూర ప్రయాణానికి బయలుదేరే ముందు కారులో ఇంధనం, నీరు, బ్రేకులు, బ్యాటరీ సరిచూసుకోవడం నేడు అందరికీ తెలిసిన పనే. బెర్తా బయలుదేరిన నాటికి అటువంటి పద్ధతి ఏదీ ఏర్పడలేదు. అంత దూరం మోటారు బండి నడిపిన వారు అంతకు ముందు లేరు. బండికి ఏమేమి అవసరమో, ఏ భాగం ముందుగా పాడవుతుందో ఆమె దారిలోనే తెలుసుకొంది. అక్కడికక్కడే బాగు చేసుకొని ముందుకు సాగింది. తిరిగి వచ్చిన తరువాత మార్చవలసిన వాటిని భర్తకు వివరించింది. ఆమె జీవితంలో ఈ ప్రయాణం కొద్ది రోజుల ఘట్టమే అయినా, దాని వెనుక పదహారేళ్ళకు పైబడిన కష్టం, పెట్టుబడి, సాంకేతిక పరిజ్ఞానం ఉన్నాయి.

బాల్యం, విద్య

బెర్తా 1849 మే 3న నాటి బాడెన్ సంస్థానంలోని ఫోర్ట్స్‌హైమ్‌లో జన్మించింది. పూర్తి పేరు సెసీలియె బెర్తా రింగర్. తండ్రి కార్ల్ ఫ్రీడ్రిక్ రింగర్ వడ్రంగం, భవన నిర్మాణ పనులలో రాణించి బాగా సంపాదించినవాడు. తల్లి పేరు ఆగస్టె. బంగారు నగల తయారీకి ఫోర్ట్స్‌హైమ్ పేరుపొందిన పట్టణం. చేతిపనులు, పనిముట్లు, కర్మాగారాలు నిత్యజీవితంలో భాగమైన ఊరిలో బెర్తా పెరిగింది.

ఆడపిల్లల కోసం నడిచే పాఠశాలలో ఆమె చదువుకొంది. యంత్రాలు పనిచేసే తీరును తెలుసుకోవాలని ఆమెకు చిన్ననాటి నుండి కుతూహలం ఉండేదని, తండ్రి ఆమెకు రైలింజను నడిచే విధానాన్ని వివరించేవాడని చెబుతారు. అయితే ఆ కాలంలో ఆడపిల్లలకు సాంకేతిక విద్య అందుబాటులో లేదు. విశ్వవిద్యాలయాలలో స్త్రీలను పూర్తి స్థాయి విద్యార్థులుగా చేర్చుకోవడం జర్మన్ రాజ్యాలలో మొదటగా బాడెన్‌లోనే ప్రారంభమైంది. కాని అది జరిగింది 1900లో. అప్పటికి బెర్తా వయసు యాభై సంవత్సరాలు దాటింది. ఆమెకు యంత్రాల గురించి తెలిసినదంతా ఇంటిలో విన్నది, భర్త పనిశాలలో చూసినది, స్వయంగా చేసి నేర్చుకొన్నదే.

కార్ల్ బెంజ్‌తో పరిచయం, వివాహం

కార్ల్ బెంజ్ 1844 నవంబరు 25న కార్ల్స్‌రూహె సమీపంలోని మ్యూల్‌బుర్గ్‌లో జన్మించాడు. రైలింజను డ్రైవరుగా పనిచేసిన తండ్రి, కార్ల్ రెండేళ్ళ వయసులో ఉండగానే మరణించాడు. తల్లి పేదరికంలోనే కుమారుని చదివించింది. కార్ల్స్‌రూహెలోని సాంకేతిక విద్యాసంస్థలో చదువు ముగించిన కార్ల్, ఆ తరువాత పలు చోట్ల ఉద్యోగం చేస్తూ ఫోర్ట్స్‌హైమ్‌లోని ఒక వంతెనల నిర్మాణ సంస్థలో చేరాడు. 1869లో మౌల్‌బ్రోన్ మఠానికి జరిగిన ఒక విహారయాత్రలో బెర్తాకు అతనితో పరిచయమైంది. గుర్రాలు లేకుండా నడిచే బండిని తయారు చేయాలన్న అతని ఆలోచన ఆమెను ఆకట్టుకొంది.

1871లో కార్ల్, ఆగస్ట్ రిట్టర్ అనే భాగస్వామితో కలసి మాన్‌హైమ్‌లో ఒక యంత్రాల పనిశాల ప్రారంభించాడు. భాగస్వామి నమ్మదగినవాడు కాకపోవడంతో తొలి ఏడాదిలోనే వ్యాపారం చిక్కుల్లో పడింది. ఆ సమయంలో బెర్తా, వివాహానికి పుట్టింటివారు తనకు ఇవ్వవలసిన సొమ్మును ముందుగానే ఇప్పించుకొని, దానితో రిట్టర్ వాటాను కొనడానికి తోడ్పడింది. అప్పటికి వారికి వివాహం కాలేదు. మన వాడుకలో స్త్రీధనం అనదగిన ఆ సొమ్ము అంతా ఒక యువ ఇంజనీరు పనిశాలను నిలబెట్టడానికి ఖర్చయింది.

1872 జూలై 20న బెర్తా, కార్ల్‌ల వివాహం జరిగింది. నాటి చట్టం ప్రకారం వివాహిత అయిన స్త్రీకి తన ఆస్తిపై స్వతంత్రంగా నిర్ణయం తీసుకొనే హక్కు ఉండేది కాదు. పెళ్ళికి ముందు తన సొమ్మును తన ఇష్టప్రకారం పెట్టుబడిగా పెట్టగలిగిన బెర్తా, పెళ్ళి తరువాత ఆ పనిశాలలో చట్టరీత్యా భాగస్వామి కాలేకపోయింది. తరువాతి కాలంలో వచ్చిన పేటెంటులో ఆమె పేరు లేకపోవడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

ఈ దంపతులకు ఐదుగురు సంతానం. యూజీన్ (1873), రిచర్డ్ (1874), క్లారా (1877), టిల్డె (1882), ఎల్లెన్ (1890).

ఇంజను కోసం కృషి

వివాహం తరువాత పదేళ్ళకు పైగా ఈ కుటుంబం ఆర్థిక ఇబ్బందులలోనే గడిపింది. అప్పుల భారం వల్ల పనిశాల మూతబడే పరిస్థితి ఏర్పడింది. ఆ దశలో కార్ల్ తన శ్రమనంతా గ్యాసు ఇంజనుపై కేంద్రీకరించాడు. నాలుగు ఘట్టాల ఇంజనుపై అప్పటికే నికొలాస్ ఓటోకు పేటెంటు ఉన్నందున కార్ల్ రెండు ఘట్టాల ఇంజనును ఎంచుకొన్నాడు. 1879 సంవత్సరపు చివరి రాత్రి ఆ ఇంజను తొలిసారి ఆగకుండా నడిచింది. అంతకు ముందు ఎన్నో ప్రయత్నాలు విఫలమయ్యాయి. ఆ రాత్రి భోజనం తరువాత మరొక్కసారి ప్రయత్నించి చూడమని భర్తను పనిశాలకు తీసుకువెళ్ళింది బెర్తాయే. ఈ సంగతిని కార్ల్ తన స్వీయచరిత్రలో గుర్తుచేసుకొన్నాడు.

1883లో మాక్స్ రోజ్, ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ఎస్లింగర్ అనే ఇద్దరు వ్యాపారులతో కలసి కార్ల్, బెంజ్ అండ్ కంపెనీని స్థాపించాడు. కర్మాగారాలలో ఒకచోట స్థిరంగా ఉండి పనిచేసే గ్యాసు ఇంజన్లు ఈ సంస్థకు ప్రధాన ఆదాయం. ఆ ఆదాయం నిలకడగా ఉన్నందువల్లనే మోటారు బండిపై ప్రయోగాలు చేయడానికి వీలు కలిగింది.

మూడు చక్రాల మోటారు బండి

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. ఆ పేటెంటు సంఖ్య 37435. ఆ ఏడాది జూలై 3న మాన్‌హైమ్ వీధులలో ఆ బండిని ప్రజల ఎదుట నడిపాడు.

ఈ బండికి ముందు ఒకటి, వెనుక రెండు, మొత్తం మూడు చక్రాలు ఉండేవి. నాలుగు చక్రాల బండిలో ముందు చక్రాలు రెండింటినీ సరిగా తిప్పే విధానం కార్ల్‌కు అప్పటికి చిక్కలేదు. సీటు కింద వెనుకభాగంలో ఒకే సిలిండరు గల నాలుగు ఘట్టాల ఇంజను ఉండేది. మొదటి నమూనా ఇంజను శక్తి ఒక అశ్వశక్తి కంటే తక్కువ. అడ్డంగా అమర్చిన పెద్ద గతిపాలక చక్రాన్ని చేతితో తిప్పితే ఇంజను మొదలయ్యేది. ఇంజను శక్తి ఒక పట్టా ద్వారా, ఆపై రెండు గొలుసుల ద్వారా వెనుక చక్రాలకు చేరేది. ఇంధనాన్ని మండించే నిప్పురవ్వ విద్యుత్తు ద్వారా పుట్టేది. దిశ మార్చడానికి నేటి స్టీరింగు చక్రం బదులు ఒక చేతిపిడి ఉండేది.

ఈ బండి నిర్మాణంలో దూర ప్రయాణానికి అడ్డుపడే లక్షణాలు కొన్ని ఉన్నాయి. ప్రత్యేకమైన ఇంధనపు ట్యాంకు లేదు. కార్బురేటరులో పట్టే నాలుగున్నర లీటర్ల ఇంధనమే ఆధారం. ఇంజనును చల్లబరచే నీరు మరిగి ఆవిరైపోయేది కనుక మాటిమాటికీ నీరు నింపవలసి వచ్చేది. బ్రేకులు చెక్క దిమ్మెలు. అవి చక్రాలకు ఒరుసుకొని బండిని ఆపేవి. గాలి నింపిన టైర్లు అప్పటికి మోటారు బండ్లకు రాలేదు. కర్మాగారం ఆవరణలోను, ఊరి చుట్టుపక్కల కొద్ది దూరాలలోను పరీక్షించిన బండి కనుక ఈ లోపాలు అంతగా బయటపడలేదు.

ప్రయాణానికి పూర్వరంగం

పేటెంటు వచ్చి రెండేళ్ళు గడిచినా మోటారు బండికి కొనుగోలుదారులు దాదాపు లేరు. గుర్రపు బండ్లకు అలవాటుపడిన జనానికి ఇది ఒక వింతగా మాత్రమే కనిపించింది. కార్ల్ స్వభావరీత్యా నిదానస్తుడు. ప్రతి భాగాన్ని మెరుగుపరచడంలో అతనికి ఉన్న శ్రద్ధ, తయారైన బండిని జనం ముందు నిలిపి అమ్మడంలో ఉండేది కాదు. బండి పనికివస్తుందని రుజువు కాకపోతే బెర్తా పుట్టింటి సొమ్ము, కుటుంబం పడిన కష్టం వృథా అయ్యే ప్రమాదం కనిపించింది.

మోటారు బండి ఊరి వీధులలో తిరిగే ఆటవస్తువు కాదని, ఒక ఊరి నుండి మరొక ఊరికి మనుషులను చేర్చగలదని చూపించడమే అందుకు తగిన రుజువు అని బెర్తా భావించింది. ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న తల్లిని చూడడానికి వెళ్ళడం ఈ ప్రయాణానికి ఒక కారణంగా ఉపయోగపడింది. బండిని రోడ్డుపై నడపడానికి కార్ల్ 1888లో అధికారుల నుండి లిఖితపూర్వకంగా అనుమతి తీసుకొన్నాడు. తాను తలపెట్టిన దూర ప్రయాణానికి బెర్తా అధికారుల అనుమతి కోరలేదు. భర్తకు కూడా ముందుగా చెప్పలేదు. చెబితే అతడు ఒప్పుకొనేవాడు కాదని ఆమెకు తెలుసు.

ప్రయాణపు ఏర్పాట్లు

ప్రయాణానికి మూడవ నమూనాగా పిలువబడే బండిని ఎంచుకొన్నారు. అది మొదటి బండి కంటే శక్తి గలది, దృఢమైనది. పాఠశాలకు సెలవులు కావడంతో పదిహేనేళ్ళ యూజీన్, పదమూడేళ్ళ రిచర్డ్ తల్లితో బయలుదేరడానికి వీలు కలిగింది. తండ్రి పనిశాలలో తిరుగుతూ పెరిగిన ఈ పిల్లలకు బండి భాగాలు, వాటి పనితీరు తెలుసు. బండిని నడపడం, తోయడం, గొలుసులు సరిచేయడం వంటి పనులకు తోడుగా ఉండేవారు ఈ ఇద్దరే. చిన్నవారైన క్లారా, టిల్డె ఈ ప్రయాణంలో లేరు.

ఆగష్టు తొలివారంలో ఒకనాడు (ఆగష్టు 5 అని సాధారణంగా చెబుతారు) తెల్లవారుజామున కార్ల్ నిద్రలేవక ముందే ముగ్గురూ బయలుదేరారు. ఇంజను చప్పుడుకు అతనికి మెలకువ వస్తుందని బండిని కొంత దూరం తోసుకొనిపోయి ఆ తరువాత మొదలుపెట్టారని చెబుతారు.

ఈ ఏర్పాట్లలో ఉన్న పెద్ద లోటు ఇంధనం. నాటి బండిలో వాడిన లిగ్రోయిన్ అనే తేలికపాటి పెట్రోలియం ద్రవాన్ని మరకలు పోగొట్టడానికి మందుల దుకాణాలలో అమ్మేవారు. దారిలో పెట్రోలు బంకులు ఉండే కాలం కాదు కనుక, ఏ ఊరిలో మందుల దుకాణం ఉన్నదో అదే ఇంధనం దొరికే చోటు. మార్గాన్ని సూచించే పలకలు, మోటారు బండ్ల కోసం వేసిన పటాలు కూడా లేవు. గుర్రపు బండ్లు నడిచే మట్టి రోడ్లు, రైలు మార్గపు జాడలు, ఊరి పేర్లు మాత్రమే దారి చూపాయి.

ప్రయాణం

మాన్‌హైమ్ నుండి లాడెన్‌బుర్గ్, ష్రీస్‌హైమ్‌ల మీదుగా వారు హైడెల్‌బర్గ్ చేరుకొన్నారు. అక్కడి నుండి దారి దక్షిణానికి మళ్ళుతుంది. నేల దాదాపు చదునుగా ఉండడం వల్ల ఈ భాగంలో ప్రయాణం బాగానే సాగింది. కాని నాలుగున్నర లీటర్ల ఇంధనం చాలా దూరం రాలేదు. హైడెల్‌బర్గ్ దాటిన తరువాత వీస్లోఖ్ అనే పట్టణంలో వారు విల్లీ ఓకెల్ నడిపే మందుల దుకాణం ముందు ఆగి లిగ్రోయిన్ కొన్నారు. మరకలు పోగొట్టుకోవడానికి చిన్న సీసాలలో కొనే ద్రవాన్ని అంత ఎక్కువగా అడగడం ఆ దుకాణానికి కొత్త. ఈ సంఘటన వల్ల ఆ మందుల దుకాణం ప్రపంచంలో తొలి పెట్రోలు బంకుగా పేరుపొందింది.

నీటి కోసం ఇంకా ఎక్కువసార్లు ఆగవలసి వచ్చింది. దారిలో కనిపించిన బావులు, వాగులు, పూటకూళ్ళ ఇళ్ళు వారికి నీరు అందించాయి. ఎండాకాలం కావడంతో ఇంజను త్వరగా వేడెక్కేది. నీరు తగ్గిపోతే ఇంజను దెబ్బతింటుంది కనుక ముగ్గురిలో ఎవరో ఒకరు పాత్ర పట్టుకొని దిగి నీరు తేవడం ఆ రోజంతా సాగిన పని.

ఒకచోట ఇంధనం వచ్చే సన్నని గొట్టం పూడుకొనిపోయి ఇంజను ఆగిపోయింది. బెర్తా తన టోపీని జుట్టుకు నిలిపే పొడవాటి సూదిని తీసి గొట్టంలోని అడ్డును తొలగించింది. మరొకచోట నిప్పురవ్వకు విద్యుత్తును చేర్చే తీగ మీది తొడుగు అరిగిపోయి విద్యుత్తు పక్కదారి పట్టింది. మేజోడు జారకుండా కట్టుకొనే పట్టీని ఆ తీగకు చుట్టి ఆమె దానిని బాగుచేసింది. సంచిలో పనిముట్లు లేనప్పుడు ఒంటిమీది వస్తువులే పనిముట్లయ్యాయి. వాటిని ఎక్కడ ఎలా వాడాలో తెలియాలంటే ఇంజను లోపల జరిగేది ముందుగా తెలిసి ఉండాలి. ఆ పరిజ్ఞానం ఆమెకు ఉన్నదనడానికి ఈ రెండు మరమ్మతులే నిదర్శనం.

బ్రుఖ్‌సాల్ పట్టణంలో ఒక కమ్మరి, సాగిపోయిన గొలుసును బాగుచేయడంలో సహాయపడ్డాడు. అక్కడి నుండి వైన్‌గార్టెన్, గ్రోట్సింగెన్‌ల మీదుగా తూర్పు వైపునకు తిరిగిన తరువాత కొండదారి మొదలైంది. నల్ల అడవుల ఉత్తరపు అంచున ఉన్న ఫోర్ట్స్‌హైమ్ చేరాలంటే విల్ఫర్డింగెన్ దాటి ఎత్తులు ఎక్కక తప్పదు. ముగ్గురి బరువుతో ఎత్తు ఎక్కే శక్తి ఇంజనుకు చాలలేదు. నిటారు దారిలో ఒకరు చేతిపిడి పట్టుకోగా మిగిలినవారు దిగి బండిని తోశారు. దిగుడులో వేరొక ఇబ్బంది ఎదురైంది. చెక్క బ్రేకు దిమ్మెలు ఒరుసుకొని త్వరగా అరిగిపోయాయి. చెప్పులు కుట్టే పనివారిని ఆశ్రయించి ఆ దిమ్మెలకు తోలు ముక్కలు మేకులతో కొట్టించుకొన్నారు. బ్రేకులకు పైపొర వేయడం అనే పద్ధతికి ఇది ఆరంభంగా చెబుతారు.

రాత్రి చీకటి పడే వేళకు వారు ఫోర్ట్స్‌హైమ్ చేరుకొన్నారు. క్షేమంగా చేరినట్లు బెర్తా భర్తకు తంతి పంపింది.

తిరుగు ప్రయాణం

కొద్ది రోజులు తల్లి ఇంటి వద్ద గడిపి ముగ్గురూ మరొక మార్గంలో తిరిగి వచ్చారు. బౌష్‌లోట్, బ్రెటెన్, బ్రుఖ్‌సాల్, హాకెన్‌హైమ్, ష్వెట్సింగెన్‌ల మీదుగా సాగిన ఈ మార్గం సుమారు 90 కిలోమీటర్లు. రాకపోకలు కలిపితే మొత్తం దూరం 194 కిలోమీటర్లు. దారి పొడవునా ఊళ్ళలోని ప్రజలు గుర్రం లేకుండా నడిచే బండిని చూశారు. దానిని నడిపేది ఇద్దరు పిల్లల తోడుగల స్త్రీ కావడం వల్ల ఈ వార్త మరింతగా పాకింది.

ప్రయాణం నేర్పిన పాఠాలు

ఈ ప్రయాణం వల్ల బండిలోని లోపాలు ఒక్కొక్కటిగా తెలిశాయి. వాటిని బెర్తా, ఆమె కుమారులు కార్ల్‌కు వివరించారు. ఎత్తులు ఎక్కడానికి పనికివచ్చే తక్కువ వేగపు గేరు అవసరమని, బ్రేకులకు మన్నికైన పైపొర ఉండాలని చెప్పారు. కార్ల్ వారి సూచనల ప్రకారం బండిని సవరించాడు.

ఆ ముగ్గురికీ దారిలో ఎదురైన చిక్కులను నేటి వాహనదారుడు ఇంటి వద్దనే చూసుకొనే అంశాలతో పోల్చి చూడవచ్చు.

ఇంధనం: ఎంత దూరానికి ఎంత ఇంధనం సరిపోతుందో, తిరిగి ఎక్కడ దొరుకుతుందో బయలుదేరే ముందే తెలియాలి. వీస్లోఖ్‌లో ఆగవలసి రావడం దీనికి ఉదాహరణ.

నీరు: ఇంజనును చల్లబరచే ద్రవం తగ్గకుండా చూడాలి. నేటి కార్లలో ఈ ద్రవం మూసిన గొట్టాలలో తిరుగుతూ ఆవిరైపోకుండా ఉంటుంది. అయినా దాని మట్టాన్ని చూసుకోవడం మానరాదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు.

బ్రేకులు: దిమ్మెల అరుగుదల సమతల రోడ్లపై తెలియదు, కొండ దిగేటప్పుడు తెలుస్తుంది. కనుక ఘాటు రోడ్డు ఎక్కక ముందే వాటిని పరీక్షింపజేయాలి.

గొలుసులు, బెల్టులు: ఇంజను శక్తిని మోసే భాగాలు వాడుకలో సాగుతాయి, చిట్లుతాయి. బ్రుఖ్‌సాల్ కమ్మరి చేసిన పనిని నేడు మెకానిక్ ముందుగానే చేస్తాడు.

విద్యుత్ తీగలు, బ్యాటరీ: తొడుగు చిరిగిన తీగ, వదులైన కనెక్షన్ బండిని నడిరోడ్డున ఆపగలవు.

పనిముట్లు: సూది, పట్టీ చేసిన పనికి నేడు స్పానర్లు, జాకీ, అదనపు చక్రం, ఇన్సులేషన్ టేపు ఉన్నాయి. అవి బండిలో ఉంచుకోవడంతో పాటు వాడడం తెలిసి ఉండాలి.

ప్రయాణం ముగిసిన కొద్ది వారాలకు, 1888 సెప్టెంబరులో మ్యూనిక్ నగరంలో జరిగిన యంత్రాల ప్రదర్శనలో బెంజ్ మోటారు బండికి బంగారు పతకం లభించింది. ఫ్రాన్సులో ఎమీల్ రోజె అనే వ్యాపారి బెంజ్ బండ్లను అమ్మసాగాడు. 1893లో నాలుగు చక్రాల విక్టోరియా, 1894లో చిన్నదైన వెలో నమూనాలు వచ్చాయి. వెలో పెద్ద సంఖ్యలో తయారైన తొలి కార్లలో ఒకటి. 1899లో బెంజ్ సంస్థ 572 వాహనాలు తయారుచేసి నాటి ప్రపంచంలో అతి పెద్ద కార్ల తయారీ సంస్థగా నిలిచింది. ఈ అభివృద్ధికి ఒక్క ప్రయాణమే కారణమని చెప్పలేము. అయితే మోటారు బండి దూర ప్రయాణానికి పనికివస్తుందా అన్న ప్రశ్నకు తొలి సమాధానం బెర్తా ఇచ్చినదే.

తరువాతి జీవితం

1903లో సంస్థ యాజమాన్యం ఫ్రెంచి ఇంజనీర్లను నియమించడంతో వచ్చిన విభేదాల వల్ల కార్ల్ రోజువారీ బాధ్యతల నుండి తప్పుకొన్నాడు. ఆ తరువాత బెంజ్ దంపతులు మాన్‌హైమ్‌కు సమీపంలోని లాడెన్‌బుర్గ్‌లో స్థిరపడ్డారు. 1888లో బెర్తా ప్రయాణించిన మార్గంలోనే ఆ ఊరు ఉంది. అక్కడ 1906లో కార్ల్, యూజీన్‌లు బెంజ్ అండ్ సన్స్ అనే సంస్థను ప్రారంభించారు. తల్లితో ప్రయాణించిన ఇద్దరు కుమారులు తరువాత ఈ సంస్థను నడిపారు.

1925లో కార్ల్ తన స్వీయచరిత్రను ప్రచురించాడు. 1888 నాటి ప్రయాణ విశేషాలు లోకానికి తెలియడానికి ఈ పుస్తకం ఒక ముఖ్యమైన ఆధారం. కష్టకాలంలో తన జీవితపు పడవ మునిగిపోయేలా ఉన్నప్పుడు విడిచిపెట్టకుండా తనతో నిలిచినది భార్య ఒక్కతే అన్న భావాన్ని అతడు అందులో వ్యక్తపరిచాడు. 1926లో బెంజ్ సంస్థ, డైమ్లర్ సంస్థ విలీనమై డైమ్లర్-బెంజ్ ఏర్పడింది. ఈ సంస్థ కార్లకే మెర్సిడిస్-బెంజ్ అని పేరు. 1929 ఏప్రిల్ 4న కార్ల్ బెంజ్ లాడెన్‌బుర్గ్‌లో మరణించాడు. బెర్తా ఆ తరువాత మరో పదిహేనేళ్ళు అదే ఇంటిలో జీవించింది.

1944 మే 3న, ఆమె 95వ పుట్టినరోజున, కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ సెనేటర్ హోదా ప్రదానం చేసింది. ఆమె భర్త చదివిన విద్యాసంస్థే ఇది. ఆమె బాల్యంలో ఆడపిల్లలకు ప్రవేశం లేని చోటు నుండి ఆమెకు ఈ గౌరవం లభించింది. రెండు రోజుల తరువాత, 1944 మే 5న బెర్తా బెంజ్ లాడెన్‌బుర్గ్‌లోని స్వగృహంలో మరణించింది. ఆమె సమాధి అదే ఊరిలో ఉంది.

గుర్తింపు

చాలాకాలం బెర్తా పేరు కార్ల్ బెంజ్ జీవితకథలో ఒక చిన్న ప్రస్తావనగానే మిగిలింది. మరణానంతరం ఆమె కృషికి క్రమంగా గుర్తింపు లభించింది.

2008లో, మాన్‌హైమ్ - ఫోర్ట్స్‌హైమ్‌ల మధ్య ఆమె వెళ్ళిన దారి, తిరిగి వచ్చిన దారి కలిపి 194 కిలోమీటర్ల మార్గాన్ని బెర్తా బెంజ్ స్మారక మార్గంగా అధికారికంగా గుర్తించారు.

వీస్లోఖ్‌లో ఆమె ఇంధనం కొన్న మందుల దుకాణం వద్ద ఆ సంఘటనకు స్మారక చిహ్నం ఏర్పాటు చేశారు.

1886 నాటి పేటెంటు పత్రాన్ని యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. కార్ల్, బెర్తాల జీవితం ఆధారంగా అదే సంవత్సరం జర్మన్ భాషలో ఒక టెలివిజన్ చిత్రం వచ్చింది.

అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కార్ల్ బెంజ్ పేరు 1984లో చేరింది. బెర్తా పేరు 2016లో, అంటే ముప్పై రెండేళ్ళ తరువాత చేరింది.

లాడెన్‌బుర్గ్‌లో బెంజ్ కుటుంబం నడిపిన పాత కర్మాగారపు భవనం తరువాత కార్ల మ్యూజియంగా మారింది. స్మారక మార్గంలో వెళ్ళేవారు వీస్లోఖ్‌లో, బ్రుఖ్‌సాల్‌లో ఆగినప్పుడు 1888లో ఒక తల్లి, ఇద్దరు పిల్లలు అక్కడ ఎందుకు ఆగవలసి వచ్చిందో తెలుసుకోగలుగుతారు.